అవ్వకు తెలిసిన మంచు

మొన్న మా మనవరాలు హైదరాబాదు నుంచి వచ్చి ఒక రోజు ఉండి పోయింది. స్నేహితులతో కలిసి హిమాలయాల్లో నడవడానికి పోతున్నదట. వీపున మోసే సంచి, అడుగున పళ్ళున్న బూట్లు, గాలి చొరని కోటు, అన్నీ కరీంనగర్‌లో మా ఇంటి మంచం మీద పరిచి ఒక్కొక్కటే చూపించింది. తర్వాత ఫోను తెరిచి అక్కడి కొండల పటం చూపించింది. ఏ వాలు మీద మంచు నిలకడగా ఉన్నదో, ఏ వాలు మీద జారేటట్టు ఉన్నదో రంగులతో గుర్తులు పెట్టారు. పచ్చ రంగు ఉంటే పోవచ్చు, ఎరుపు ఉంటే పోవద్దు. నేను చిక్కుడుకాయలు తుంచుతూ వింటున్నాను. రాత్రి ఆకాశం తేటగా ఉన్నదా, మబ్బు పట్టిందా అది కూడా చెబుతుందా నీ ఫోను అని అడిగాను. మబ్బు పడితే మంచిదే కదా, వెచ్చగా ఉంటుంది అన్నది. వెచ్చగా ఉంటేనే భయం, రాత్రి గడ్డకట్టని మంచు పొద్దున ఎండ తగలగానే ఊడి వస్తుంది అన్నాను. పిల్ల నా మొహం వింతగా చూసింది. "నువ్వు మంచు ఎప్పుడు చూసినవ్ అమ్మమ్మా?" అన్నది.

చూడలేదు. చలికాలం పొద్దున గడ్డిపోచల మీద నిలిచేది తప్ప వేరే మంచు ఈ వయసు దాకా నా కళ్ళతో చూడలేదు. అయినా మంచుకొండను ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో ఒకప్పుడు మా ఇంట్లో ముగ్గురికి తెలుసు. మా అన్నకు, నాకు, మా బాపుకు, అంటే నాన్నకు. నాలుగో మనిషి మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి. ఆమెకు తెలియకుండా మేము ముగ్గురం జాగ్రత్త పడ్డాము. ఆ ముచ్చట పిల్లకు చెప్పాను. చెప్పినకొద్దీ ఇంకా చాలా గుర్తుకు వచ్చింది. ఆమె వెళ్ళిపోయాక కూడా గుర్తుకు వస్తూనే ఉంటే కాగితం తీసుకున్నాను.

నాది ఏడో తరగతి చదువు. మిగిలినదంతా గ్రంథాలయం చదువు. ఈ మాట సిగ్గుతో చెప్పను, కొంచెం గర్వంగానే చెబుతాను. ఆదిలాబాదు జిల్లాలో మాది బొగ్గుగనుల ఊరు. రైలు స్టేషనుకు పోయే బాట మీద పెంకుల కొట్టంలో ఒక శాఖా గ్రంథాలయం ఉండేది. ముందు గదిలో పొడుగు బల్ల, దాని మీద పత్రికలు. వెనక గదిలో అద్దాల బీరువాలు. పాత కాగితం వాసన, బీరువాల్లో వేసిన నాఫ్తలీను ఉండల వాసన, కిటికీలోంచి వచ్చే బొగ్గు పొగ వాసన, మూడూ కలిస్తే నాకు చదువు వాసన. పత్రికల మీద కూడా సన్నటి నల్ల దుమ్ము పేరుకునేది. ఏ పేజీ ఎక్కువమంది చదివారో వేలిముద్రలు చూసి చెప్పవచ్చు. గ్రంథాలయం సారు మంచి మనిషి. ఆడపిల్ల వచ్చి కూర్చుంటే చూసేవాళ్ళు ఏమంటారోనని ఆయనకు భయం. నన్ను పొమ్మనడానికి మనసొప్పదు. అందుకని వెనక గదిలో బీరువాకు, కిటికీకి నడుమ ఒక స్టూలు వేశాడు. ఏ పుస్తకం మంచిదో నాకు తెలియదు కనుక బీరువాలో ఉన్న వరుసలోనే చదువుకుంటూ పోయాను. అందుకే పశువులకు వచ్చే గాలికుంటు రోగానికి ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలుసు. మేము ఏనాడూ పశువులను పెంచలేదు. ఆ వరుసలోనే ఒకనాడు యాత్రల అర వచ్చింది. అందులో అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి, మంచుకొండలు ఎక్కేవాళ్ళ గురించి. మొదటిసారి చదివినప్పుడు అది కూడా నాకు గాలికుంటు రోగం లాంటిదే, మనకు ఎన్నటికీ పనికిరాని ముచ్చట.

బాపుది బాయిలో కప్పు కింద కర్రలు నిలబెట్టే పని. బొగ్గుగనిని మా దిక్కు బాయి అనే అంటారు. బొగ్గు తీసినకొద్దీ లోపల ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ మీద ఉన్న బండ దిగకుండా అడవి దుంగలను కొలతకు కోసి, నిలబెట్టి, పైన చెక్కముక్క దిగ్గొట్టి బిగిస్తారు. అంతకన్నా ముందు చేతికర్రతో బండను తట్టి చూడాలి. గట్టి బండ ఖంగున మోగుతుంది. లోపల పొర విడిచిన బండ పగిలిన కుండ లాగా డొల్లగా మోగుతుంది. ఆ తట్టడం బాపుతో పాటు ఇంట్లోకి కూడా వచ్చింది. చుట్టాల ఇంటికి పోతే కూర్చునే ముందు గోడను వేలి కణుపులతో తట్టేవాడు. కుండ కొంటే తట్టేవాడు, గుమ్మడికాయ తెస్తే తట్టేవాడు. నన్ను చూడటానికి వచ్చిన పెళ్ళివాళ్ళ కోసం పక్కింటి నుంచి బెంచీ తెస్తే దాన్ని కూడా తట్టాడని అవ్వ చాలా ఏళ్ళు చెప్పుకొని నవ్వింది.

బాపు షిఫ్టు దిగి వచ్చే వేళకు అవ్వ క్వార్టరు వెనక బొగ్గుపొయ్యి మీద కాగు నిండా నీళ్ళు కాచి పెట్టేది. షిఫ్టు కూత కూసిన తర్వాత మా వాకిటి ముందు నల్లటి మనుషులు గుంపుగా నడిచి వచ్చేవారు. అందరూ ఒక్క తీరుగానే ఉండేవారు, ఎవరు ఎవరి బాపో నడక చూసి పోల్చుకోవాలి. స్నానం చేసినా కనురెప్పల అంచున నలుపు పోయేది కాదు. కాటుక పెట్టుకున్నట్టు ఉండే ఆ కళ్ళతో బాపు పళ్ళెం ముందు కూర్చునేవాడు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఒక ఉల్లిగడ్డ. బాపు విడిచిన తువ్వాల పిండుతూ అవ్వ, ఈరోజు తడి జాగలో పని పడ్డది, లేకపోతే దుమ్ము జాగలో పడ్డది అని చెప్పేది. ఎన్నడూ ఆమె మాట తప్పు కాలేదు. బాయిని ఆమె చూసింది లేదు. బాపు తువ్వాల పిండిన నీళ్ళలోనే చూసింది.

అవ్వ చెన్నూరు పద్మశాలీల ఇంటి పిల్ల. గోదావరి పక్క ఊరు కనుక చలికాలం పొద్దున ఏటి మీది నుంచి మంచు లేచి వీధులను కప్పేసేదట. గంజి పెట్టి వీధిలో చాపిన పడుగు ఆ మంచుకు ఆరదు. పడుగు ఆరకపోతే మగ్గం ఆడదు. మగ్గం ఆడకపోతే ఆ పూటకు కూలి లేదు. మంచు అంటే ఆమెకు తెలిసింది ఇంతే, పని ఆపి ఇంట్లో కూర్చోబెట్టే తెల్లటి బద్ధకం. పొద్దెక్కితే పోతుంది. దాని వల్ల మనిషికి పడిశం పట్టవచ్చు, చెవిపోటు రావచ్చు, అంతకు మించి ఏమీ కాదు.

మా అన్న రాజేశం గురించి చెప్పాలి. బాపు వాళ్ళ సర్దారును బతిమాలి అన్నను కూడా బాయిలో పనికి పెట్టించాడు. సర్దారు అంటే లోపల ఆ జట్టుకు పెద్ద. తట్టతో బొగ్గు ఎత్తి బండిలో నింపే పని. పని మొదలుపెట్టి నెల తిరగలేదు, ఒకనాడు వాళ్ళు పనిచేసే చోట కప్పు చప్పుడు చేసింది. కర్ర ఒకటి కిర్రుమన్నది, పైనుంచి సన్నగా దుమ్ము రాలింది. కదలకుండా నిలబడమని, తాను తట్టి చూస్తానని బాపు అంటూనే ఉన్నాడట. అన్న చేతిలో తట్ట అక్కడే వదిలి ఉరికాడు. బయటి వెలుగు కనబడేదాకా ఆగలేదు. కప్పు కూలలేదు. బాపు మరో కర్ర నిలబెట్టాడు, పని సాగింది. కానీ ఆ సాయంత్రానికే ఊరంతా నవ్వు. కర్రలు నిలబెట్టేవాని కొడుకే కర్రను నమ్మలేదని. ఇంటికి వచ్చి బాపు అన్నను ఒకే మాట అన్నాడు, "పిరికోడా" అని. ఆ తర్వాత అన్నతో మాట్లాడలేదు. కొన్నాళ్ళకు అన్న కాజీపేట పోయి మిలిట్రీలో చేరాడు. చేరినట్టు బాపుకు అవ్వ చెప్పింది. షిఫ్టులో జతగాళ్ళు మాత్రం వదిలిపెట్టలేదు. "ఏమోయ్, మీవోడు ఇంక ఉరుకుతనే ఉన్నడా? ఢిల్లీ దాటిండట గద" అని బాపును ఆటపట్టించేవారు. బాపు బీడీ ముట్టించుకొని వినేవాడు.

అన్నను హిమాలయాల్లో, కొత్తగా రోడ్లు వేస్తున్న సరిహద్దు కొండల్లో వేశారు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు మోదుగులు పూసి ఉన్నాయి. అప్పుడే ఎండలు ముదురుతున్నాయి. అన్న మొహం కమిలి, ముక్కు మీద తోలు లేచి ఉన్నది. కళ్ళకు అద్దాలు పెట్టుకున్నంత మేర మాత్రం తెల్లగా ఉన్నది. అవ్వ ఆ మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకొని, చలిదేశం అంటివి, ఎండకు కమిలినవేందిరా అని అడిగింది. మంచు మీద ఎండ కొడుతుంది అవ్వా, అందుకే అన్నాడు అన్న. "మంచు ఉన్నంక ఎండ యాడిది? ఎండ వచ్చినంక మంచు యాడిది?" అన్నది అవ్వ. అన్న నవ్వాడు. అక్కడ మంచు పడితే పని ఆగిపోతుందని చెబితే ఆమెకు వెంటనే అర్థమైంది, ఆగదా మరి, ఎట్ల ఆరుతది అన్నది. వాడకట్టులో అందరికీ చెప్పుకున్నది. మా రాజేశానికి మంచు పడ్డ రోజు పని లేకున్నా సర్కారు జీతం ఇస్తదట, మా నాయినకు మంచు పడితే గంజి కూడ లేకుండె అని.

వచ్చిన మరునాడు నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుంటూ నేను నా చదువు చూపించుకున్నాను. హిమపాతాలు చూశావా అన్నా అని అడిగాను. అన్న బిందె పక్కన పెట్టి చుట్టూ చూశాడు. ఎక్కడ చదివావని అడిగాడు. చెప్పాను. అప్పుడు మెల్లగా చెప్పాడు. వాళ్ళ జట్టు పని, చలికాలమంతా మంచు కింద మునిగిన కనుమ బాటను ఎండకాలం మొదట్లో తవ్వి తెరవడం. పైన కొండవాలు మీద మేడలంత మందాన మంచు ఉంటుంది. ఎండ ముదిరినకొద్దీ అది కింది పొరను విడుస్తుంది. విడిచిందంటే కొండ కొండే జారి వస్తుంది. అక్కడ వాళ్ళు దానికి హిందీలో ఏదో పేరు పెట్టుకున్నారు. నా హిమపాతం అనే మాట విని అన్న నవ్వాడు, ఆ మాట పలికేలోగా మీదికి వస్తుందని. ఇప్పుడు తిరిగి వెళ్ళగానే అదే పని, అన్నిటికన్నా చెడ్డ కాలంలో. మాటలు అయ్యాక అన్న నా చేతిలో బిందె అందుకున్నాడు.

"చెల్లె, అవ్వకు మంచు మంచే అనుకోనియ్. నువ్వు చదివింది గామె ముంగట విప్పకు."

నేను సరే అన్నాను. అన్న ఇంట్లో బరఫ్ అనే మాట ఎందుకు ఎత్తడో అప్పుడు తెలిసింది. బరఫ్ అంటే అవ్వకు తెలుసు. స్టేషను దగ్గర రంపపు పొట్టులో కప్పి అమ్మే గడ్డలు, పట్టుకుంటే చెయ్యి కొరికే బరువైన గడ్డలు. ఆ గడ్డలు మేడంత ఎత్తున కొడుకు నెత్తి మీద ఉన్నాయని తెలిస్తే ఆమె అన్నను రైలెక్కనివ్వదు. ఎక్కనిచ్చినా అన్నం తినదు. ఒక్క మాటను అడ్డం పెట్టుకొని అన్న ఆమెను కాపాడుతున్నాడు. తెలుగులో ఏటి మీది మంచుకూ కొండ మీది మంచుకూ ఒకే మాట ఉండటం ఆరోజు నాకు భాషలోని కొరతగా కనిపించలేదు.

అన్న ఇంట్లో ఉన్నా బాపు మాట్లాడేవాడు కాదు. అవసరం పడితే నాతో చెప్పేవాడు. మీ అన్నను తినమను, మీ అన్నను ఆ మంచం ఇటు జరుపమను అని. అన్న పక్కనే ఉండేవాడు. మంచం జరిపి, జరిపిన అని నాతోనే చెప్పేవాడు. ఇద్దరి నడుమ మాటలు మోసి మోసి నాకు నవ్వు వచ్చేది, అవ్వకు ఏడుపు వచ్చేది. సెలవు తరిగిపోతున్నది. ఈసారి కూడా మాట్లాడకుండానే పంపిస్తాడా అని అవ్వ పొయ్యి ముందు కూర్చొని నన్ను అడిగేది. నాతో కాకుండా ఎవరితో అంటుంది? బాపుతో అంటే లేచి బయటికి పోతాడు.

ఆదివారం బాయికి సెలవు. ఆనాడు పగటి పూట బాపు అరుగు మీద కూర్చొని గొడ్డలికి కొత్త కామ వేస్తున్నాడు. అన్న వాకిట్లో తడక కడుతున్నాడు. అవ్వ లోపల గంజు గిన్నెలో సర్వపిండి రొట్టె అద్దుతున్నది. వెల్లుల్లి, నువ్వులు కాలే వాసన బయటిదాకా వస్తున్నది. అవ్వకు వినబడదన్న ధైర్యంతో నేను గడప మీద కూర్చొని, గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న మంచుకొండల పుస్తకం పైకి చదువుతున్నాను. అన్నకు నచ్చుతుందని కొంత, నాకు వచ్చునని చూపించుకోవాలని కొంత. వసంతకాలంలో కొండలు దాటేవాళ్ళకు చెప్పిన జాగ్రత్తలు అవి. చుక్కలుండగానే బయలుదేరాలి. రాత్రి గడ్డకట్టిన మంచు మీద అడుగు నిలుస్తుంది. ఎండ ముదరక ముందే వాలు దాటేయాలి. బూటు మోకాలి దాకా దిగబడుతున్నదంటే వెనక్కి తిరగాలి. పైనుంచి చిన్న చిన్న మంచు ఉండలు వాటంతట అవే దొర్లి వస్తుంటే అక్కడ నిలవకూడదు. గాలి కొండకొన మీది మంచును అవతలి పక్కకు తోసి ఇంటి చూరులాగా నిలుపుతుంది, దాని మీద నడవకూడదు, దాని కింద నడవకూడదు. అందరూ ఒక్కసారిగా దాటకూడదు, ఒకరు దాటేదాకా మిగిలినవాళ్ళు చూస్తూ నిలబడాలి. అడుగు వేసే ముందు కర్రతో తట్టాలి.

బాపు గొడ్డలి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీ అన్ననడుగు," అన్నాడు నాతో, "కట్టెతోని కొడితే ఎట్ల మోగుతదట?"

అన్న తడక వదిలి నావైపు తిరిగాడు. "గట్టిగుంటే మోగదు, కట్టె దిగదు. లోపట పొర విడిస్తే డొల్లగ మోగుతది అని చెప్పు."

చెప్పే అవసరం లేదు, అయినా చెప్పాను. బాపు గొడ్డలి పక్కన పెట్టాడు. దొర్లి వచ్చే ఉండల సంగతి మళ్ళీ చదవమన్నాడు. చదివాను. దుమ్ము రాలినట్టే అన్నాడు, ఎవరితో కాకుండా. కాలి కింద ఏమన్నా చప్పుడు అవుతుందా అడుగు అన్నాడు. అవుతుంది, కింది పొర కూర్చున్నప్పుడు పెద్ద ఊపిరి విడిచినట్టు అవుతుంది అన్నాడు అన్న. అక్కడ కర్రలు నిలబెట్టుకోరా అన్నాడు బాపు. ఆకాశానికి ఏం కర్ర నిలబెడతారు అన్నాడు అన్న. ఈ మాటలు నా మీదుగా కాకుండా నేరుగానే పోయాయని మాకు ముగ్గురికీ ఒక్కసారే తెలిసింది. ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

బాపు ఇన్నాళ్ళూ అనుకున్నది వేరు. బండ కింద పనిచేసే ధైర్యం లేక కొడుకు బయలు జాగలోకి పారిపోయాడు, అక్కడ తలమీద ఏమీ ఉండదు, వాడికి అదే సుఖం అనుకున్నాడు. ఇప్పుడు ఆయనకు అక్కడ కూడా ఒక కప్పు కనిపించింది. నిలబెట్టడానికి కర్ర కూడా లేని కప్పు. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను. అంతలో అవ్వ సర్వపిండి ముక్కలు పళ్ళెంలో పెట్టుకొని వచ్చింది. లోపల ఆమెకు మంచు, మంచు అనే మాట ఒక్కటే వినబడ్డదట. ఇంకా మంచు ముచ్చటేనా మీది, చెవుల్లో దూది పెట్టుకుంటే అయిపోతది కదా అన్నది. అన్న నావైపు చూశాడు, నేను పుస్తకం మూశాను. అప్పుడు బాపు ఒక ముక్క అందుకొని, నిజమే, దూది పెట్టుకోవాలె అన్నాడు. ఎవరూ చెప్పకుండానే ఆయన కూడా మా కట్టులో చేరాడు.

ఆ వారంలోనే బాపు గ్రంథాలయానికి వచ్చాడు. షిఫ్టు దిగి, స్నానం చేసి, ఉతికిన ధోతి కట్టుకొని, నా వెనక నడిచి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. అలవాటు కొద్దీ బీరువాను తట్టాడు. గ్రంథాలయం సారు కంగారు పడి లేచాడు, కంపెనీ తరఫున ఎవరో తనిఖీకి వచ్చారనుకున్నాడట. బాపుకు చదువు రాదు. బొమ్మలు చూపించమన్నాడు. సారు వేరే బీరువా నుంచి పెద్ద ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీసి, కొండ బొమ్మ ఉన్న పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. తెల్లటి వాలు, దాని నెత్తి మీద అడ్డంగా గోడ తెగినట్టు ఒక గీత, కింద గుట్టగా పడ్డ మంచు. సారు దాని గురించి ఇంగ్లీషులో ఉన్నది చదివి తెలుగులో చెప్పబోయాడు. బాపు ఆ గీత మీద వేలు పెట్టి, ఇది పొర విడిచిన జాగ అన్నాడు. సారు చదివింది కూడా అదే. ఆయన సంతోషపడి కుర్చీ తెచ్చి వేశాడు. వీళ్ళిద్దరూ ఆ సాయంత్రం చాలాసేపు మాట్లాడుకున్నారు. సారు పుస్తకంలోది చెప్పాడు, బాపు బాయిలోది చెప్పాడు. జారే మంచులో చిక్కితే ఏం చెయ్యాలని బాపు అడిగితే, కిందికి ఉరికితే దానికి దొరుకుతారు, పక్కకు ఉరకాలి అని ఉన్నదని సారు చెప్పాడు. బాపు ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. వచ్చే దారిలో నాతో, మంచి జాగ ఉన్నది నీది అన్నాడు. నా చదువుకు అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ మళ్ళీ ఎవరూ ఇవ్వలేదు.

ఇప్పుడు ఆ గ్రంథాలయం ఉన్న చోట మొబైళ్ళు బాగుచేసే కొట్టు ఉన్నది. నేను దానికి ఏడవను. మా మనవరాలికి ఆ రంగుల పటం అరచేతిలోకి వస్తున్నది. ఏ పొద్దు ఏ వాలు మీద ఎంత భయమో రాత్రే చెప్పేస్తున్నది. మా అన్న కాలంలో కర్ర, చెవి, పైనుంచి దొర్లి వచ్చే ఉండలు తప్ప చెప్పేవి లేవు. ఆ పటం అప్పుడు ఉండి ఉంటే అన్న జట్టులో కొందరు ముసలివాళ్ళయ్యేవారు. అన్న మాత్రం అయ్యాడు. చాలా ఏళ్ళు కొండల్లో పనిచేసి, తిరిగి వచ్చి, జమ్మికుంటలో పత్తి వ్యాపారుల దగ్గర గోదాము కాపలాకు కుదిరి, మనవలను ఎత్తుకొని, నిద్రలో పోయాడు. అయితే పటం ఉన్న కాలంలో ఒక్కటి తగ్గింది. ఫాల్గుణం వచ్చి మా ఊళ్ళో ఎండ చురుక్కుమనగానే బాపు వాకిట్లో నిలబడి నెత్తి మీది పొద్దును అనుమానంగా చూసేవాడు. ఇక్కడ వడియాలు ఎండుతున్న ఎండ అక్కడ కొండను విప్పుతున్నదని ఆయనకు తెలుసు. ఏ పనిలో ఉన్నా ఆ నెలలన్నీ అట్లా రోజుకు ఒకసారి తల ఎత్తేవాడు. ఫోనులో చూసుకుంటే భయం తీరిపోతుంది, మంచిదే. అట్లా తల ఎత్తి చూసేవాళ్ళు మాత్రం ఇప్పుడు నాకు కనిపించడం లేదు. నేను చూస్తున్నాను, మనవరాలు వచ్చేదాకా చూస్తాను.

అన్న సెలవు అయిపోయిన రోజు బాపు బాయికి నాగా పెట్టాడు. జ్వరమొచ్చినా పనికి పోయే మనిషి. అవ్వ అది చూసి కూడా ఏమీ అనలేదు, అంటే మనసు మార్చుకుంటాడేమోనని భయం. నలుగురం స్టేషనుకు నడిచాము. మధ్యాహ్నం రైలు. బాట పొడుగునా బాపు ముందు, అన్న వెనక, అన్న ట్రంకు ఒక చెవి అన్న చేతిలో, ఒక చెవి నా చేతిలో. ప్లాట్‌ఫారం మీద మాకు తెలిసిన షిఫ్టువాళ్ళు ఇద్దరు బెంచీ మీద కూర్చొని ఉన్నారు. వాళ్ళలో ఒకడు బాపును చూసి, ఏమోయ్, ఈసారి ఎంత దూరం ఉరుకుతడట అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు, అలవాటు కొద్దీ. అన్న తల దించుకున్నాడు. బాపు వాళ్ళ ముందు నుంచి పక్కకు పోలేదు. అవ్వ కూజా పట్టుకొని నీళ్ళ కోసం నల్లా దగ్గరికి పోయింది. రైలు రావడం దూరంగా కనబడ్డది. అప్పుడు బాపు అన్న మొహంలోకి చూశాడు.

"అగో, గట్ల నవ్వుతరు," అన్నాడు. "ఆనాడు నువ్వు ఉరికినవని నాకు కోపం రాలేదురా. నలుగురు నవ్విండ్రని వచ్చింది."

నేను ట్రంకు చెవి వదలలేదు.

"గక్కడ మోగుడు మారితే తట్ట పార ఇడిసిపెట్టి ఉరుకు. కిందికి గాదు, పక్కకు. ఎవ్వడు నవ్వినా నవ్వనియ్, నీ పెద్దసారు నవ్వినా నవ్వనియ్. మా బాపు ఉరుకుమన్నడని చెప్పు."

"ఉరుకుత బాపు," అన్నాడు అన్న.

బెంచీ మీదివాళ్ళు బీడీలు నేల మీద రుద్ది లేచి నిలబడ్డారు. రైలు ఆగగానే, ఇందాక నవ్విన మనిషే వచ్చి అన్న ట్రంకును రైలు డబ్బాలోకి ఎక్కించాడు. అవ్వ కూజా నింపుకొని ఉరుకుతూ వచ్చేసరికి అన్న కిటికీ దగ్గర కూర్చొని ఉన్నాడు. ఆమె కూజా అందించి, మంచులో తిరగకు బిడ్డా అని అందరికీ వినబడేలా చెప్పింది. తిరగనవ్వా అన్నాడు అన్న. రైలు కదిలింది. బాపు కిటికీతో పాటు కొంత దూరం నడిచాడు, తర్వాత ఆగాడు. చివరి డబ్బా మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడి, వెనక్కి వచ్చాడు.

"ఏం చెప్పినవ్ పోరనికి గంతసేపు?" అని అడిగింది అవ్వ.

"చెప్పేదేమున్నది," అన్నాడు బాపు. "మాట్లాడిన."

ఏం మాట్లాడినవని అవ్వ అడగలేదు. ఇంటిదాకా ఆమె మా ఇద్దరికన్నా ముందు నడిచింది.